ఆధారం లేని ఒక్క వాక్యం

అమెరికాలోని ప్లేనోలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి మాన్యువల్స్ రాసే చంద్రిక, శనివారాలు లైబ్రరీలో తెలుగు పెద్దవాళ్లకు సాయపడుతుంది. పాత రాగితీగల ల్యాండ్‌లైన్లు తీసేసి ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెడతామని ఇళ్లకు ఉత్తరాలు రావడం మొదలయ్యాక, వాట్సాప్‌లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పసాగారు. అందుకే ఆమె తెలుగులో రెండు పేజీల కాగితం తయారుచేసింది. ఏ విషయం ఎక్కడ తెలుసుకుందో, ఏ తేదీన సరిచూసిందో కింద రాసింది.

ఒక శనివారం తేజేశ్వర్ ఆ కాగితం చదివాడు. ఆయన టెలిఫోన్ లైన్ల పని చేసి రిటైరయినవాడు.

"చంద్రికగారూ, ఆపదలో బటన్ నొక్కితే సాయానికి ఫోన్ వెళ్లేలా మెడలో వేసుకునే అలారం కొత్త లైన్ మీద కూడా పనిచేస్తుందని రాశారు. దీనికి సోర్స్ లేదేంటండీ?"

చంద్రిక ఆ వాక్యం మళ్లీ చదివింది. "ఏదో బ్లాగ్‌లో చూశానండీ. తర్వాత చెక్ చేద్దామని మర్చిపోయాను."

"పాతవి కొన్ని పనిచెయ్యవు. టెస్ట్ చెయ్యకుండా చెప్పలేం."

అప్పటికే పదకొండు ఇళ్లకు కాగితం చేరింది. అక్కడే కూర్చుని అందరికీ ఫోన్ చేసింది. పదిమందికి ఆ అలారమే లేదు. పదకొండో ఇల్లు శేషమ్మది. ఎనభై దాటిన మనిషి, గుండెజబ్బు, మెడలో అలారం. కూతురు రాగిణి ఆ ఉదయమే ఆస్టిన్ వెళ్లింది. ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు.

చంద్రిక కారు తీసింది. ఇరవై నిమిషాల దారిలో తను రాసిన ఆ వాక్యమే కళ్లముందు ఆడింది. బెల్ కొట్టినా జవాబు లేదు. పక్కసందులోంచి పెరట్లోకి పరిగెత్తింది.

శేషమ్మ గోంగూర కోస్తోంది. "ఏంటి తల్లీ, ఆ ఆయాసం?"

చంద్రిక దగ్గరికి వెళ్లింది. "ఫోన్ లైన్ మార్చారా, అమ్మమ్మగారూ?"

"మంగళవారం మార్చారు. అలారం పనిచేస్తుందని నువ్వే రాశావుగా, దాని సంగతి అడగలేదు."

"నేను తప్పు రాశాను. క్షమించండి."

అలారం కంపెనీకి చెప్పి బటన్ నొక్కి చూశారు. ఫోన్ లైన్‌కి తగిలించిన అలారం పెట్టె బీప్ మంది కానీ కాల్ వెళ్లలేదు. ఆ మోడల్ కొత్త లైన్‌కి పనికిరాదని, సెల్ నెట్‌వర్క్ మీద నడిచేది పంపిస్తామని కంపెనీ వాళ్లు చెప్పారు. రాగిణి వచ్చేదాకా చంద్రిక అక్కడే ఉండిపోయింది.

మూడు రోజులకు కొత్త పెట్టె వచ్చింది. బటన్ నొక్కగానే అలారం కంపెనీ నుంచి ఒక ఆడగొంతు ఇంగ్లిష్‌లో బాగున్నారా అని అడిగింది.

"బాగానే ఉన్నానమ్మా, నువ్వెలా ఉన్నావు?" అంది శేషమ్మ తెలుగులో. రాగిణి, చంద్రిక ఒక్కసారే పగలబడి నవ్వారు. చంద్రికకు గుండెల మీద నుంచి బండరాయి దించినట్టయింది.

ఆ సాయంత్రం కాగితంలో ఆ వాక్యం కొట్టేసి, మోడల్ నంబర్ చెప్పి అలారం కంపెనీనే అడగాలని, లైన్ మార్చిన రోజే టెస్ట్ చేయాలని రాసింది. ప్రింట్ తీసే ముందు తేజేశ్వర్‌కు పంపింది. ఆయన ఒక్క అచ్చుతప్పు మాత్రం పట్టుకున్నాడు.