ఇద్దరికీ ఒకే మాత్ర

తొంభైల చివర్లో మేం అవనిగడ్డలో మా అత్తగారితో కలిసి ఉండేవాళ్లం. నేను నాగాయలంక బడిలో టీచర్ని. రోజూ బస్సులో వెళ్లి రావడంతోనే ఒళ్లు హూనమయ్యేది. నాకు నెలసరి ఎప్పుడూ సమయానికి వచ్చేది కాదు. రాకపోతే కడుపేమోనని ఆశపడేదాన్ని. ఆశపడ్డాక వచ్చేది. అప్పుడు ఏడవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. అత్తగారి పద్ధతి ప్రకారం మూడు రోజులు వంటింట్లోకి వెళ్లకుండా వెనక వసారాలో చాప వేసుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, నాకు దొరికే విశ్రాంతి అదొక్కటే.

ఒక వేసవిలో అత్తగారు బోరింగు దగ్గర బిందె ఎత్తబోయి కూలబడిపోయారు. లేపుతుంటే చీర మీద మరక కనిపించింది.

"ఎన్నాళ్ల నుంచి అత్తయ్యా?"

"నెల దాటిందే. ఆగట్లేదు."

"మరి వంటంతా మీరే చేస్తున్నారుగా!"

"ఏం చెయ్యను? నెలంతా దూరంగా కూర్చుంటే ఎవరు వండుతారు? నువ్వు చూస్తే బడి నుంచి వచ్చేసరికే వాడిపోయి ఉంటావు."

గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుందని పక్కింటావిడ చెప్పింది. అత్తగారు దానికి సిద్ధపడ్డారు కూడా. నేనే బలవంతంగా బందరులో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఎలాగూ వెళ్లాం కదా అని నేనూ చూపించుకున్నాను.

స్కానింగులు, రక్తపరీక్షలు అయ్యాయి. అత్తగారికి గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. భయపడాల్సిందేమీ లేదని తేలాక డాక్టరు గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టారు.

"మీ ఇద్దరికీ అండం సరిగ్గా విడుదల కావట్లేదండీ. పెద్దావిడకి వయసు వల్ల, మీకు హార్మోన్ల తేడా వల్ల. అండం విడుదలైతేనే నెల రెండో సగంలో కావలసిన హార్మోను తయారవుతుంది. అది లేకపోతే లోపలి పొర పెరుగుతూ పోతుంది, దాని ఇష్టం వచ్చినప్పుడు ఊడుతుంది. అందుకే ఆవిడకి ఆగట్లేదు, మీకు రావట్లేదు."

ఆ హార్మోనుదే, ఇద్దరికీ ఒకే మాత్ర రాశారు. వాడుతుంటే ఆవిడకి ఆగుతుందనీ, కోర్సు అయిపోయాక ఇద్దరికీ నెలసరి వస్తుందనీ చెప్పారు. ఆపరేషను ఇప్పుడు అక్కర్లేదన్నారు.

తిరుగు బస్సులో అత్తగారు మందుల చీటీ మడిచి కొంగున ముడేసుకున్నారు. తర్వాత, "అయితే నీదీ జబ్బేనన్నమాట. నేను ఊరికే మొక్కులు మొక్కుకుంటూ కూర్చున్నాను" అన్నారు.

మాత్రలు అయిపోయాక ఇద్దరికీ ఒకేసారి వచ్చింది. వసారాలో పక్కపక్కనే పడుకున్నాం. మా ఆయన వండిన అన్నం గంజిలా ఉంది. రెండు ముద్దలు తిని అత్తగారు లేచారు.

"ఇదంతా ఇక నా వల్ల కాదే. పద, స్నానం చేసి కాస్త చారు పెట్టుకుందాం."

ఆ ఆచారం మా ఇంట్లో అలా పోయింది. సంతోషించాల్సిందే. కానీ ఆ పూట నాకు లేవాలనిపించలేదు.

కొన్నేళ్లకి ఆవిడకి పూర్తిగా ఆగిపోయింది. ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయంటూ ఫ్యాను కిందనుంచి కదిలేవారు కాదు. నాకు నెలసరి దారిలో పడింది గానీ కడుపు నిలవలేదు. మందుల కోసం బందరు తిరిగి తిరిగి, ఒక ఏడాది ఓపిక లేక మానేశాను. ఎందుకు మానేశావని ఆవిడ అడగలేదు.