పెద్దింట్లమ్మ గారాండీ?

మా నాగమల్లేశ్వరి పిన్నికి అనుమానం పుట్టుకతోనే వచ్చింది. పెడనలో కలంకారీ అచ్చులు వేస్తుంది. ఆధార్ అడగని చోటల్లా తప్పుడు పేరే చెబుతుంది. "నా పేరు వాళ్ళకెందుకే, అర్చన చేయిస్తారా?" అంటుంది.

కడుపులో నొప్పని బందరులో స్కానింగుకు వెళ్ళినప్పుడూ అంతే. కౌంటరులో పెద్దింట్లమ్మ అని అమ్మవారి పేరు చెప్పింది. ఫోన్ నంబరు మాత్రం తనదే ఇచ్చింది. తోడు వెళ్ళిన రజని నవ్వాపుకోలేకపోయిందట. వాళ్ళిద్దరిదీ ఏళ్ళ తరబడి ఒకటే బల్ల. రజని గీత అచ్చు వేస్తే, పిన్ని రంగు అచ్చు అద్దుతుంది. రిపోర్టు వచ్చాక రజనికీ నాకూ కూడా "ఏమీ లేదంట" అని చెప్పేసింది.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. "మేడం, ఆడవాళ్ళ కడుపు జబ్బులకి మా దగ్గర మందుందండీ." స్కానింగు సంగతి బయట ఎవరికి తెలుసు? రజనికే! "దాని నోట్లో నువ్వుగింజ నానదు" అని పిన్ని బల్ల మార్చేసింది. "నేనేం చేశానక్కా?" అంటూ ఆ పిల్ల ఇంటికొస్తే లోపల గడియ పెట్టుకుంది. పిన్ని మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ఓ రోజు పిన్ని చేతులనిండా రంగు ఉంటే ఫోన్ నేనెత్తి స్పీకర్లో పెట్టాను.

"పెద్దింట్లమ్మ గారాండీ? మీ ఎడమ పక్క గడ్డకి ఆపరేషన్ లేకుండానే..."

గడ్డేమిటి? పిన్ని మొహం పాలిపోయింది. ఆ పేరు చెప్పింది ఆ ఒక్క కౌంటరులోనే. రిపోర్టులో ఉన్న గడ్డ సంగతి మా దగ్గర దాచేసింది, రజనికి తెలియనే తెలియదు.

మర్నాడే సెంటరుకు వెళ్ళి నిలదీశాం. "ఆ పేషెంటు పెద్దింట్లమ్మ గారండీ. మధ్యలో మీరెవరు?" అన్నాడు మేనేజరు. చూశారా! తను చెప్పిన దొంగపేరే తన నోరు నొక్కేసింది.

లాయరు జ్యోతిర్మయి గారి దగ్గర కూడా పేరు చెప్పడానికి నసిగింది మహాతల్లి. ఆవిడ నవ్వేశారు. "పేరు తప్పయినా కడుపూ ఫోనూ మీవేగా! ముందు సెంటరుకి రాతపూర్వకంగా ఫిర్యాదిద్దాం. మీ వివరాలు ఎలా బయటికెళ్ళాయో సంజాయిషీ అడుగుదాం. తిన్నగా చెప్పకపోతే బందరులోనే వినియోగదారుల కమిషనుంది, నష్టపరిహారం అడగొచ్చు. ఆ ఫోన్ నంబర్లు చెరపకండి. ఎవడైనా డబ్బు లాగితే మాత్రం వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. ఇంతకీ ఆ రోజు మీతో ఎవరైనా వచ్చారా? పేషెంటు మీరేనని వాళ్ళు చెప్తే మనకి బలం."

"రజని వచ్చిందండీ" అంది పిన్ని తల దించుకుని.

సాయంత్రం మేం అచ్చులేసే చోటికి వెళ్ళేసరికి రజని రెండచ్చులూ తనే అద్దుకుంటోంది. పిన్ని బల్లకి అవతల నిలబడి ఫోను సంగతీ గడ్డ సంగతీ అంతా చెప్పింది. "నిన్ను అనుమానించానే. తప్పయిపోయింది. నాకోసం సాక్ష్యం చెప్తావా?"

రజని అచ్చు కింద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళు.

"చెప్తానక్కా, ఎక్కడికైనా వచ్చి చెప్తా. కానీ ఎవడో ఫోన్లవాడికి తెలిశాకా, నీ గడ్డ సంగతి నాకు తెలిసేది?"