కళ్ళు మూసుకున్న పిన్ని

మా మనవరాలికి స్కూల్లో యుద్ధకాలపు పోస్టర్ల మీద అసైన్‌మెంట్ ఇచ్చారు. ఈ పరాయిదేశంలో, రౌస్ హిల్‌లో మా డైనింగ్ టేబుల్‌ను రెండు రోజులుగా ఆక్రమించుకుని, ఫాసిజానికి వ్యతిరేకంగా ఏ దేశంవాళ్ళు ఏం బొమ్మలు వేశారో వెతుకుతోంది. నేను ఊరుకుంటే పోయేది. "మన ఇంట్లోనూ ఒకటుందే" అని నోరు జారాను. ఇక సూట్‌కేసు అడుగునుంచి, మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం తీసేదాకా నన్ను వదల్లేదు. కూలిన ఇటుకల మధ్య ఐదేళ్ళ పిల్ల కళ్ళు మూసుకుని పడి ఉంటుంది. కింద "ఈ బిడ్డ ఏం నేరం చేసింది?" అని ఎర్రటి అక్షరాలు. "ఈజ్ షి డెడ్, నానమ్మా?" అంది. "ఈ ఫోటో తీసేటప్పటికి కాదు" అన్నాను.

ఆ పిల్ల మా పిన్ని, మా అమ్మకు చెల్లెలు. మా తాతయ్యకు బెజవాడలో ఫోటో స్టూడియో ఉండేది. ఊళ్ళో పెళ్ళికొడుకులందరికీ తల దువ్వి, పౌడరు రాసి, ఊపిరి బిగబట్టించిన మనిషి. సొంత పిల్లలకు మాత్రం ఒక్క ఫోటో తియ్యలేదు. తీస్తే ఆయుష్షు తగ్గుతుందని అమ్మమ్మ తియ్యనిచ్చేది కాదు. యుద్ధం రోజుల్లో ఎర్రజెండా పార్టీ కుర్రాళ్ళు వచ్చి, కోస్తా మీదే జపాను బాంబులు పడ్డా జనానికి చీమ కుట్టినట్టయినా లేదు, కళ్ళకు కట్టే ఫోటో ఒకటి కావాలి అన్నారు. హిట్లర్ పేరు చెబితే అన్నం సహించని తాతయ్యకు ఆ మాట బాగా పట్టింది. అమ్మమ్మ గుడివాడలో అక్కగారింటికి వెళ్ళిన రోజు చూసి, పెరట్లో ఇటుకలు పోయించి, పిన్ని మొహానికి మసి పూసి పడుకోబెట్టాడు. కదలకపోతే పిప్పరమెంట్లు ఇస్తానన్నాడు. మూడుసార్లు పక్కున నవ్వేసిందట. నాలుగోసారి కుదిరింది. ఆయన ఫోటోలు గాజుపలకల మీద తీసేవాడు. యుద్ధంతో గాజుకు కరువొచ్చి, పాడైన పలకలను వేడినీళ్ళలో కడిగి పటాలకు అద్దాలుగా వాడేవాడు. నవ్విన మూడు పలకలనూ అలాగే కడిగేశాడు.

పోస్టరు ఊరంతా అంటించారు. రెండు నెలలు తిరక్కుండానే టైఫాయిడ్ వచ్చి పిన్ని పోయింది. గోడల మీద మాత్రం అలాగే పడి ఉంది. కొన్నాళ్ళకు ఎవరో ఫాసిస్టు ఏజెంటు పోస్టర్లు చింపేస్తున్నాడని కుర్రాళ్ళు కాపు కాశారు. పట్టపగలు పక్కన నీళ్ళ బిందె పెట్టుకుని, గోళ్ళతో గోడ గీకుతూ మా అమ్మమ్మ దొరికింది. "నా బిడ్డను ఇంకా ఎన్నిసార్లు చంపుతారయ్యా?" అని వాళ్ళనే అడిగిందట.

ఇంటికొచ్చి తాతయ్యనూ ఒకటే అడిగింది. "అది కళ్ళు తెరిచి ఉన్న ఫోటో ఒక్కటి చూపించండి, చాలు." ఆయన దగ్గర లేదు. పది రోజులు రీటచింగ్ పెన్సిలు పట్టుకుని కూర్చుని, ఉన్న ఒక్క ఫోటోలోనే మూసిన రెప్పల మీద కళ్ళు గీశాడు. ఫోటోలో రెప్ప వేసేసిన పెళ్ళికూతుళ్ళకు అలా కళ్ళు దిద్దడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. అమ్మమ్మ ఒక్కసారి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇవి దాని కళ్ళు కావు" అంది. ఆ తర్వాత ఆయన ఆ పెన్సిలు ముట్టలేదట. ఫాసిజం పిల్లల్ని చంపుతోందని ఆయన నమ్మింది నిజమే. అయినా నాకు తాతయ్య మీద ఇప్పటికీ కోపమే. గోడనుంచి చిరక్కుండా ఊడొచ్చిన ఒక్క పోస్టరునూ మా అమ్మ దాచింది.

అంతా విని మనవరాలు పోస్టరును తనవైపు తిప్పుకుంది. "వెయిట్, నానమ్మా" అంటూ పోస్టరును ఫోన్‌తో ఫోటో తీసి ఏదో ఏఐ ఆప్ నొక్కింది. మొహం మీద మసి పోయింది. పిన్ని కళ్ళు తెరిచింది. పెద్ద కళ్ళు, బాగున్నాయి. ఒకసారి రెప్ప కూడా వేసింది. "ఈజ్ దట్ హర్?" అని ఆశగా నా మొహంలోకి చూసింది. నాకు ఏడుపొచ్చింది. నేను పుట్టకముందే పోయిన పిల్ల, నాకేం తెలుసు? అమ్మమ్మ అయితే ఒక్క చూపులో తేల్చేది. మా అమ్మా చెప్పేది. కావని చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు. ఇంత కాలం గడిచాక, ఎవరు ఏ కళ్ళు పెట్టినా అవే మా పిన్నివి అయిపోతాయి.