ఉడికిన తులిప్ గడ్డలు

ఆ లాక్‌డౌన్ రోజుల్లో మనుషులకు పని తగ్గి పాండిత్యం పెరిగింది. నేనూ అందుకు మినహాయింపు కాదు. హాంబర్గ్‌లో ఎమ్మెస్ చదువుతూ ఒక పెద్దావిడ ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. మా స్నేహితులందరికీ ఆవిడ ‘ఓనరమ్మ’. జూన్‌లో తులిప్ పూలు రాలి, ఆకులు పండిపోయాక, నడుంనొప్పితో వంగలేని ఓనరమ్మ నన్ను పిలిచింది. గడ్డలు తవ్వి, పిల్లగడ్డలు విడదీసి, ఆరబెట్టి కెల్లర్‌లో, అంటే ఇంటి కింది చల్లటి నేలమాళిగలో, దాచమంది. చలికాలం రాకముందు మళ్ళీ నాటాలి. సగం తన తోటలో, సగం వృద్ధాశ్రమంలో ఉన్న చెల్లెలి కిటికీ కింద. అప్పట్లో ఆశ్రమం లోపలికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఆవిడ వారం వారం వెళ్ళి, అద్దానికి ఇవతల నిలబడి మాట్లాడి వచ్చేది. "వచ్చే వసంతానికి నీ కిటికీ నిండా పూలే" అని చెల్లెలికి మాట కూడా ఇచ్చేసింది.

"మాది తరతరాలుగా పసుపు పండించే ఇల్లండీ. గడ్డల సంగతి నాకొదిలేయండి" అన్నాను. (ఆరో తరగతి నుంచీ హైదరాబాద్ హాస్టల్లోనే పెరిగానని, సెలవుల్లో పొలానికి వెళ్ళేది మొక్కజొన్న పొత్తులు తినడానికేనని చెప్పడం అనవసరం అనిపించింది.)

ఉత్సాహంగా తవ్వాను. గోలీలంత పిల్లగడ్డలు ఎందుకు పనికొస్తాయని కంచె మూలకు విసిరేశాను. ఇక దాచడం మిగిలింది. మా ఊళ్ళో తవ్విన పసుపు కొమ్ముల్ని పెద్ద కడాయిల్లో ఉడకబెట్టి ఎండబోస్తారు. అలా చేస్తే పాడవదు. నేనూ పెద్ద గడ్డలన్నీ ఓనరమ్మ సూపు గిన్నెలో పోసి, మెత్తగా ఉడికించి, బాల్కనీలో పాత దుప్పటి మీద ఆరబోసి, గర్వంగా మా బాపుకి వీడియో కాల్ చేశాను.

"గవేంది బిడ్డా?" అన్నాడు బాపు.

"పూలగడ్డలు బాపూ. మల్ల నాటేటందుకు ఉడకవెట్టి ఎండవోసిన."

బాపు ఫోన్‌ను కళ్ళ దగ్గరికి జరుపుకుని చూశాడు. "అరే, అమ్మేటి పసుపు ఉడకవెడ్తం గని, ఇత్తనం ఎవడన్న ఉడకవెడ్తడార? అన్ని సచ్చిపోయినయ్ గదరా!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. గడ్డలన్నీ మళ్ళీ గిన్నెలోకి ఎత్తి, కిందికి వెళ్ళి ఓనరమ్మకు చెప్పాను. ఆవిడ ఒక గడ్డను వేళ్ళతో నొక్కి చూసింది.

"ఉప్పేశావా?" అంది.

"లేదండీ."

"చెల్లెలికి చెప్పేశానే" అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సాయంత్రమే మోకాళ్ళ మీద పాకుతూ, కంచె మూల విసిరేసిన పిల్లగడ్డలన్నీ ఏరాను.

చలికాలం ముందు అవే చెల్లెలి కిటికీ కింద నాటాం. వసంతం వచ్చింది. గడ్డకో ఆకు మొలిచింది, పువ్వు ఒక్కటీ లేదు. పిల్లగడ్డలు పెరిగి పూయడానికి రెండు మూడేళ్ళు పడుతుందట. ఓనరమ్మ అద్దం అవతలికి వినపడేలా, "పెద్దవన్నీ ఈ అబ్బాయి వండేశాడు!" అని అరిచింది. చెల్లెలు కుర్చీలో ఊగిపోతూ నవ్వింది. నా మొహం సగం మాస్కు వెనక ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

మూడో వసంతానికి నేను డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగంలో ఉన్నాను. ఓనరమ్మ ఫొటో పంపింది. ఎర్రటి తులిప్‌ల పక్కన అక్కాచెల్లెళ్ళిద్దరూ, మధ్యలో అద్దం లేకుండా. కళ్ళు చెమర్చాయి, చెవులు మాత్రం మళ్ళీ సిగ్గుతో వేడెక్కాయి. గరిటె పట్టిన ఆనాటి పండితుణ్ణి తలచుకుని నవ్వుకున్నాను. ఫొటో కింద ఆవిడ ఒక్క ముక్కే రాసింది: "ఇవి పచ్చివే."