వఫ్రా దారిలో ఇద్దరు కూతుళ్ళు

నేను కాలిఫోర్నియాలో ఇంజనీరింగ్ చదివిన విశ్వవిద్యాలయంలో ఒక నియమం ఉండేది. ఎంత లెక్కల పురుగులైనా సమాజానికి సంబంధించిన కోర్సు ఒకటి చదివి తీరాలి. నాకు ఖాళీగా ఉన్న గంటకి కుదిరింది చికానో అధ్యయనాల సిద్ధాంతం ఒక్కటే. చికానోలంటే ఎవరో కూడా తెలియకుండా వెళ్ళి కూర్చున్నాను. మెక్సికో మూలాలున్న అమెరికా వాళ్ళు తమకు తాము ఎంచుకున్న పేరు అదని మొదటి రోజు తెలిసింది.

ఆ రోజే పంతులమ్మగారు అందరినీ ఒకే ప్రశ్న అడిగారు. మిమ్మల్ని మీరు ఏమని పిలుచుకుంటారు, ఆ పేరు మీకెవరిచ్చారు? నా వంతు వచ్చేసరికి "ఇండియన్" అన్నాను. క్లాసంతా నన్ను అనుమానంగా చూసింది. అక్కడ ఆ మాట అమెరికా ఆదివాసులది. పుట్టిందెక్కడ అని అడిగారావిడ. కువైట్ అన్నాను. అయితే కువైటీవా? కాదు. పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నావు కదా? ఉన్నాను, ఇఖామా మీద. ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే అనుమతి కార్డు, ఏటేటా దయతలిచి పొడిగిస్తారు. ఆవిడ నవ్వి, ఈ క్లాసు నీకు బాగా అవసరం అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ క్లాసులో చదువుకంటే పోట్లాటలే ఎక్కువ. ద్రాక్షతోటల్లో కూలిచేసే తల్లిదండ్రుల బిడ్డ ఒకతను ఉండేవాడు. అతనికి స్పానిష్ రాదు. భాష రానివాడు ఆ పేరెలా పెట్టుకుంటాడని ఒకమ్మాయి నిలదీస్తే పుస్తకాలు సర్దుకుని బయటకి వెళ్ళిపోయాడు. నేను ఆ అమ్మాయి పక్షం. చివరి వ్యాసానికి నేను ఎత్తుకున్న వాదన కూడా అదే, ఎవరికి భాష వస్తుందో వాళ్ళదే ఊరని. అందులో నా స్వార్థమూ ఉంది. ఆ లెక్కన నేను కువైటీనవుతాను. మేం అద్దెకున్న ఇంటివాళ్ళ అమ్మాయితో మెట్లమీద ఆడుకుంటూ నేర్చుకున్న అరబ్బీ నాది. ఫోన్లో వింటే నేను కువైటీని కానని ఎవరూ పోల్చలేరు.

వ్యాసం సమయానికి పూర్తికాలేదు. సెలవుల తర్వాత ఇమ్మన్నారు. జెరాక్సు కాగితాల కట్ట పెట్టెలో పెట్టుకుని వేసవికి కువైట్ వచ్చాను. ఆ ఆగస్టులోనే ఇరాక్ సైన్యం వచ్చింది.

మా కుటుంబం అబూ హలీఫాలో సముద్రానికి దగ్గరగా ఉండేది. నాన్న షుఐబాలో ఒక ప్లాంటులో ఇంజనీరు. విజయవాడ నుంచి వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా ఆయన అరబ్బీ పనికి సరిపడా నాలుగు ముక్కలే. అమ్మది అంతకన్నా తక్కువ. అందుకే చిన్నప్పటి నుంచీ ఆఫీసులోనైనా, దుకాణంలోనైనా, ఆసుపత్రిలోనైనా ఇంటి తరఫున మాట్లాడేది నేనే. "అడుగమ్మా" అని నాన్న నన్ను ముందుకు తోసేవారు. గల్ఫులో పెరిగిన పిల్లలందరికీ తెలిసిన ఉద్యోగమే ఇది.

మేడ మీద నుంచి చూస్తే ఇసుకలో కందకాలు తవ్వుతున్న సైనికులు కనిపించేవారు. ఫోన్లు పోయాయి. రాత్రికి రాత్రి వీధుల పేర్ల పలకలు ఎవరో పీకేశారు, ఇళ్ళ నంబర్ల మీద రంగు పూశారు. వెతికేవాళ్ళకి ఇల్లు దొరక్కూడదని. కొద్ది రోజులకే, ఇక కువైట్ అన్న దేశం లేదు, ఇది ఇరాక్‌లో ఒక భాగమని రేడియోలో చెప్పారు. మెక్సికో నేల అమెరికా చేతికి పోయి, ఇల్లు కదలకుండానే ఒక జాతి మొత్తానికి దేశం మారిపోయిన కథ క్లాసులో విని పరీక్షకి పనికొస్తుందని రాసుకున్నాను. ఇప్పుడది మా గుమ్మంలోకే వచ్చింది.

మా ఇంటివాళ్ళు కింది అంతస్తులో ఉండేవారు. పెద్దాయన వైద్యం కోసం వెళ్ళి విదేశంలో చిక్కుకుపోయారు. మంచంపట్టిన అత్తగారితో ఇంటావిడ, నా ఈడు కూతురు మిగిలారు. కొడుకు పోలీసు అధికారి. దాడి జరిగిన రోజు నుంచీ కనపడటం లేదు. అతని కోసం సైనికులు రెండుసార్లు వచ్చి ఇల్లు వెతికారు. ఈసారి వస్తే చెల్లెల్ని పట్టుకెళ్తామని, వాడే బయటికి వస్తాడని చెప్పి వెళ్ళారు.

ఇంటావిడ మా అమ్మ దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంది. అన్నేళ్ళలో ఆవిడ మా ఇంట్లో నేలమీద కూర్చోవడం నేను చూడలేదు. సౌదీ సరిహద్దు దగ్గర వఫ్రాలో వాళ్ళకి పొలం ఉంది. మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల మేనమామ అక్కడి నుంచి జీపులో ఎడారి దాటి సౌదీకి వెళ్తున్నాడు. ఆలస్యమైతే ఆగడు. పిల్లని అక్కడిదాకా చేర్చాలి. "నీ కూతురిగా తీసుకెళ్ళు" అంది. నేను తెలుగులో చెప్పేలోపే అమ్మ తల ఊపింది. నాన్నని అడగనైనా లేదు.

అప్పట్లో సైనికులు మనవాళ్ళ జోలికి పెద్దగా వచ్చేవారు కాదు. అరబ్బీలో భారతీయుడు ఎవరైనా హిందీయే. "హిందీ" అనగానే పొమ్మనేవారు. అది తెలిసి మన ఆడవాళ్ళంతా దూరానికి కూడా కనపడేలా పెద్ద బొట్టు పెట్టుకుని చీరల్లోనే బయటికి వెళ్ళేవారు. ఇంటివాళ్ళ పనావిడది కడప వైపు. ఆమె భర్త వఫ్రా పొలంలోనే కూలి. కూరగాయలు తెచ్చుకోవడానికి, ఆమెని మొగుడి దగ్గర దింపడానికి వెళ్తున్నామని చెబితే నమ్ముతారని అనుకున్నాం.

పనావిడే ఆ పిల్లకి చీర కట్టింది. నూనె పెట్టి జడ వేసింది, పెళ్ళైనదని అనుకుంటే వదిలేస్తారని తన నల్లపూసలు తీసి మెడలో వేసింది.

"అమ్మా, నడక సూడు, ఇంకా మామా నడిసినట్టే నడుస్తాంది" అంది మా అమ్మతో. గల్ఫులో పనివాళ్ళంతా యజమానురాలిని పిలిచినట్టే ఇంటావిడని ఆమె మామా అని పిలుస్తుంది. మళ్ళీ ఆ పిల్ల వైపు తిరిగి, తలొంచి చూపించింది. "ఇట్ల కూకో. ఎవురేమడిగినా నోరు తెరవబాక. మాట్లాడేదానికి మేడ మీది పాప ఉండాది గదా."

మేడ మీది పాపని నేనే. అందరి ధైర్యమూ నా నోటి మీదే. ఎవరికీ అందులో తప్పు కనపడలేదు.

ఒక్క కాగితం విషయంలోనే నాన్న భయపడ్డారు. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది. అమెరికా వాళ్ళని పట్టుకుపోతున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. అందుకని దాన్ని బియ్యం డబ్బాలో దాచి, ఎవరడిగినా పాస్‌పోర్టులు టికెట్ల కోసం ఎంబసీలో ఇచ్చామని చెప్పాలనుకున్నాం. నాన్న దగ్గర ప్లాంటు వాళ్ళిచ్చిన కార్డు మాత్రం ఉంది.

మధ్యాహ్నం బయలుదేరాం. నాన్న, అమ్మ ముందు సీట్లలో, నేను, ఆ పిల్ల, పనావిడ వెనక. నాకూ ఆ పిల్లకీ బొట్లున్నాయి, చీరలున్నాయి. రోడ్డు పక్కన తలుపులు తెరిచి వదిలేసిన కార్లు, వాటి చక్రాలు కూడా ఎవరో విప్పుకుపోయారు. షుఐబా దాటాక వఫ్రా రోడ్డు మలుపులో ఇసుక బస్తాలు పేర్చి ఉన్నాయి. భుజాన చారలున్న సైనికుడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను ఇంజనీరు. షుఐబా. ఇది భార్య. ఇది బిడ్డ. ఇది బిడ్డ" అన్నారు నాన్న తన అరబ్బీలో. సైనికుడు కార్డు చూశాడు. సరిపోయేట్టే ఉంది. ఎక్కడికి అని అడిగాడు. నాన్న అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, "చెప్పమ్మా" అన్నారు.

నేను చెప్పాను. పొలం గురించి, కూరగాయల గురించి, పనావిడ భర్త గురించి గడగడా చెప్పాను. చెబుతుండగానే అతని ముఖం మారిపోయింది. అతను నన్ను వదిలి ఆ పిల్లని చూశాడు. తలొంచుకుని, మెడలో నల్లపూసలతో మా పిన్ని కూతురిలాగే ఉంది. మళ్ళీ నన్ను చూశాడు.

"ఆమె హిందీ. నువ్వు కాదు" అన్నాడు.

"నేను వీళ్ళ కూతుర్ని."

"బొట్టు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఇక్కడి వాళ్ళు పెట్టుకుంటున్నారని మాకూ తెలుసు. నువ్వు కువైటీవి. నీ మాటే చెబుతోంది. దిగు."

కాలిఫోర్నియాలో ఎవరినీ ఒప్పించలేకపోయిన నా వాదనని నమ్మిన మొట్టమొదటి మనిషి అతనే. ఇప్పుడు నవ్వొస్తోంది గానీ అప్పుడు రాలేదు. కిందికి దిగాక నా అరబ్బీని విరగ్గొట్టి, నాన్నలాగా మాట్లాడబోయాను. నా జీవితంలో ఒక భాషని చెడగొట్టడానికి అంత కష్టపడింది అప్పుడొక్కసారే. అతను నవ్వాడు. ఆలస్యమైందన్నాడు.

నాన్న కారు దిగి చేతులు జోడించారు. "ఇద్దరూ మా పిల్లలే" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నారు. నా పేరున్న కాగితం తెచ్చి చూపించేదాకా నేను అక్కడే ఉండాలని, మిగతావాళ్ళు పోవచ్చని సైనికుడు చెప్పాడు. చీకటి పడేలోగా రాకపోతే నన్ను పట్నంలో పైవాళ్ళకి అప్పగిస్తానన్నాడు. ఆ పైవాళ్ళ దగ్గరికి వెళ్ళినవాళ్ళ గురించి అబూ హలీఫాలో గుసగుసలుగా చెప్పుకునేవారు.

ఆ పిల్లకి ఇదంతా అక్షరం అక్షరం అర్థమవుతోంది. అర్థంకానట్టు కూర్చోవాలి. ఆమె నోరు తెరిచి, కువైటీని నేనే, ఈమె కాదు అని ఒక్క మాటంటే నన్ను వదిలేస్తారు. అనొద్దని మొక్కుకున్నాను. అనకపోతుందా అని కూడా ఆశపడ్డాను. రెండూ నిజమే. ఆమె తలెత్తలేదు.

నన్ను బస్తాల వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. నాన్న కారు తిప్పుతారని చూస్తున్నాను. ఇల్లు ఉన్నది వెనక. పాస్‌పోర్టు ఉన్నది ఇంట్లో. కారు అక్కడే కాసేపు ఆగి ఉంది, లోపల అమ్మ నాన్నతో ఏదో అంటోంది. తర్వాత బయలుదేరింది. వెనక్కి తిరగలేదు. నేరుగా వఫ్రా వైపు వెళ్ళిపోయింది.

ఏదో పొరపాటనుకున్నాను. ముందెక్కడో తిప్పుకుని వస్తారనుకున్నాను. దుమ్ము కూడా అణిగింది. రాలేదు.

ఎవరూ నన్ను ముట్టుకోలేదు. ఒకడు నీళ్ళిచ్చాడు. చారల సైనికుడు మధ్యమధ్యలో వచ్చి, మీ అన్న ఎక్కడ అని అడిగేవాడు. కువైటీ పిల్ల వేషం మార్చుకుందంటే ఇంట్లో మగవాడెవడో దాక్కున్నాడని అతని లెక్క. నాకు అన్న లేడని చెబితే అందరూ అలాగే అంటారనేవాడు. ఎదురుగా ట్యాంకు కింద ఇద్దరు కుర్రాళ్ళు ఆకలిమీద పచ్చి ఉల్లిపాయలు కొరుక్కుంటున్నారు. ఎండ తగ్గుతోంది. బస్తాల నీడ నా పాదాల మీదికి వచ్చి, మోకాళ్ళ దాకా పాకింది. నేను ఏడవలేదు, కోపంతో ఉన్నాను. సైనికుడి మీద కాదు, దూరంగా వెళ్ళిపోయిన కారు మీద.

సూర్యుడు దిగిపోతుండగా నాన్న వచ్చారు, వఫ్రా వైపు నుంచి కాదు, ఇంటి వైపు నుంచి. ఇంకో దారిన తిరిగి ఇంటికి వెళ్ళి వస్తున్నారు. కారులో అమ్మ ఒక్కతే ఉంది. పాస్‌పోర్టుకి ఇంకా బియ్యపు దుమ్ము అంటుకుని ఉంది. సైనికుడు ఫోటో చూసి, పేజీలు తిప్పి, అమెరికా వీసా దగ్గర ఆగాడు.

"ఏం చదువు?"

"కంప్యూటర్" అన్నారు నాన్న, నేను నోరు తెరవకముందే. సైనికుడు నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత పుస్తకం మూసి నాన్న చేతిలో పెట్టాడు.

"ఖలాస్, అయిపోయింది. హిందీ. వెళ్ళండి."

ఆ తర్వాత చాలామందిలాగే మేమూ బస్సుల్లో జోర్డాన్ దాకా వెళ్ళి, అక్కడి నుంచి విమానమెక్కి దేశం చేరాం. ఆ పిల్ల ఎడారి దాటి క్షేమంగా ఉందని విజయవాడలో ఉండగా కబురొచ్చింది. వ్యాసం వేరేది రాశాను. భాష మాటే ఎత్తలేదు.

కానీ ఆ సాయంత్రం ఇంటికి చేరాక జరిగింది చెప్పాలి. నాన్న స్నానాల గదిలో తలుపు వేసుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్ళి అమ్మని అడిగాను, ముందు ఇంటికి ఎందుకు రాలేదని.

"మీ నాన్న తిప్పుతానన్నారు. నేనే వద్దన్నాను. వెనక్కొస్తే నాలుగు దాటేది, వాళ్ళ మామయ్య వెళ్ళిపోయేవాడు" అంది. "ఆ పిల్ల దిగి చెప్పేస్తానని ఒకటే ఏడుపు. చెయ్యి పట్టుకుని నేనే దిగనివ్వలేదు."

"నన్ను వదిలేస్తారని నీకు తెలుసా?"

"తెలీదు" అంది అమ్మ. కంచంలో అన్నం వడ్డిస్తూ, "నీకు తెచ్చి చూపించడానికి ఒక కాగితముంది. ఆ పిల్లకేముంది?" అంది.

ఆమె చేసింది న్యాయమేనని నాకు అప్పుడే తెలుసు. అయినా ఆ పూట అమ్మ కలిపి పెట్టిన అన్నం నేను ముట్టుకోలేదు. తినమని అమ్మ కూడా అడగలేదు.