ధైర్యం నేర్పిన మాస్టారు

డిగ్రీ పూర్తయ్యేనాటికి నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, ఎవరి కంటా పడకుండా ఉండటం. అమలాపురం కాలేజీ నుంచి బస్సులో వస్తూ, మా ఊరి దగ్గర ఆపమనడానికి నోరు రాక, ఇంకెవరైనా దిగే చోట దిగి చేల గట్ల మీదుగా వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఆలస్యమెందుకయిందని అమ్మ అడిగితే బస్సు చెడిపోయిందనేదాన్ని. పాపం, ఆ బస్సుకి మా ఇంట్లో చాలా చెడ్డపేరు.

నాన్నగారు హైస్కూల్లో హెడ్మాస్టరు. ఇంట్లో కూడా హెడ్మాస్టరే. ఓ ఉద్యోగం ఇంటర్వ్యూలో నా పేరు కూడా సరిగ్గా చెప్పలేకపోయానని తెలిసి, అమలాపురంలో బట్టల కొట్టు పైన కొత్తగా పెట్టిన వ్యక్తిత్వ వికాసం క్లాసులో చేర్పించారు. అది తొంభైల చివరి మాట. ఆత్మవిశ్వాసం కూడా టైపు, షార్ట్‌హ్యాండ్‌ లాగా కూర్చుని నేర్చుకుంటే వచ్చేదని అప్పట్లో చాలామంది నమ్మకం.

మాస్టారు కాకినాడ నుంచి వచ్చేవారు. మండు వేసవిలో కూడా టై కట్టుకునేవారు. వినేది మేం పదిమందిమే అయినా, మైదానంలో సభకి చెప్పినట్టు చెప్పేవారు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, ‘నేను గొప్పదాన్ని, నాకు భయం లేదు’ అని గట్టిగా అనమన్నారు. ఎవరూ వినకుండా అనమని మాత్రం చెప్పలేదు.

మా ఇంట్లో అద్దం వసారాలో ఉండేది, నాన్నగారు గడ్డం గీసుకునే చోట. అక్కడ కొన్నాళ్లు నా గొప్పతనం నేనే చాటుకున్నాక, ఓ సాయంత్రం మా సంఘం పాస్టరుగారు వచ్చారు. అమ్మే కబురు పెట్టిందట, పిల్ల తనలో తను మాట్లాడుకుంటోందని. ఆయన నా తల మీద చెయ్యి ఉంచి, ఈ బిడ్డను పీడిస్తున్నది ఏదైనా సరే విడిచిపోవాలని చాలాసేపు ప్రార్థించారు. ఇది మాస్టారు ఇచ్చిన హోంవర్కని చెప్పాలంటే ధైర్యం కావాలి. మా పాఠాలు ఇంకా అంతదాకా రాలేదు. కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను.

క్లాసులు ముగిసిన రోజు సభ పెట్టారు. ముఖ్య అతిథిగా ఓ కాలేజీ ప్రిన్సిపాలుగారు, ముందు వరసలో మా తల్లిదండ్రులు. నన్ను మాట్లాడమనవద్దని ముందే బతిమాలుకుని, మంచినీళ్లు అందించే పని సంపాదించుకున్నాను.

మాస్టారు మైకు అందుకుని సభకు నమస్కారం అన్నారు. ఆ తర్వాత మాట రాలేదు. ఇన్నాళ్లూ ఆయన ఎదుట కూర్చున్నది మేము, ఆయన కంటే పిరికివాళ్లం. ఇప్పుడు కూర్చున్నది చదువుకున్న పెద్దలు. నేను గ్లాసు పట్టుకుని వెళ్లాను. ఆయన గ్లాసు తీసుకుని, మైకు నా చేతిలో పెట్టేశారు.

“మీరు కాస్త ఏదోటి చెప్పండమ్మా,” అన్నారు, నాకొక్కదానికే వినపడేలా.

ఆయన్ని చూస్తే జాలేసింది. ఆ జాలిలో నా సంగతి మరిచిపోయాను.

“మాస్టారు అద్దం ముందు మాట్లాడమన్నారండి,” అన్నాను. “మా అమ్మగారు విని, నాకు దయ్యం పట్టిందేమోనని పాస్టరుగారిని పిలిపించేరండి.”

హాలంతా నవ్వింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నలుగురూ నవ్వుతారన్న భయంతోనే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. తీరా ఆ నవ్వు వచ్చాక, ఇంకొంచెం వస్తే బాగుండుననిపించింది. ప్రిన్సిపాలుగారు వాచీ చూసుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాను.

సభ అయ్యాక మాస్టారు మెట్ల దగ్గర మొహం తుడుచుకుంటూ కనిపించారు. “మీలో ఉన్న శక్తి బయటికి తీద్దామనే అలా ఆగేనండి,” అన్నారు.

“ఆయ్, తెలుసండి,” అన్నాను.

తర్వాతి బ్యాచి కరపత్రం మీద నా ఫోటో వేసి, కింద ‘మా శిక్షణ ఫలితం’ అని రాయించారు. అందులో అబద్ధమేమీ లేదు. నాన్నగారు దాన్ని ఫ్రేము కట్టించారు.

రెండువేల సంవత్సరం దాటాక బీఈడీ చేసి, ఓడలరేవు వైపు ఓ స్కూల్లో టీచరునయ్యాను. కొత్త క్లాసులోకి అడుగు పెట్టే ముందు అరచేతులకి చెమట పట్టేది. చీర కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లేదాన్ని. ఓసారి తోటి టీచరుగారు, మీరు పుట్టుకతోనే ఇంత ధైర్యస్తులాండీ అని అడిగారు. అవునండి అన్నాను. జరిగిందంతా చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, అప్పటికే బెల్లు కొట్టేశారు.