పదిహేడో నంబరు ట్యూబు

నూలు గ్లౌజు మీద రబ్బరు గ్లౌజు తొడిగిన బొటనవేలితో ఆమె ట్యూబు మీది మంచును తోస్తోంది. గోటితో గీకితే లేబులు చిరుగుతుంది. నోటితో ఊదితే ఆ తడికి అక్షరాలు అలుక్కుపోతాయి. వేలి కండతో, ఒకే వైపుగా, తొందర లేకుండా తోయాలి. అలాగని ట్యూబు ఇరవై సెకన్లకు మించి బయట ఉండకూడదు. నంబరు చదవాలి, రిజిస్టరులో టిక్కు పెట్టాలి, పొడి మంచు ఉన్న పెట్టెలోకి దించాలి. ఇదంతా ఆమెకు ఎవరూ నేర్పలేదు. నాలుగైదు లేబుళ్లు పాడుచేసి, నాలుగు చీవాట్లు తిని తనే నేర్చుకుంది.

వైరస్ ప్రయోగశాలలో సీసాలు కడగడానికి చేరినప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లు. చదివింది ఏడో తరగతి. ఇప్పుడు ఫ్రీజర్లన్నీ ఆమె పెత్తనమే. డైరెక్టరు మొదలు ఊడ్చేవాళ్ల దాకా అందరూ మంచత్త అంటారు. ఇంకో నెలలో రిటైరవుతుంది.

పాత ఫ్రీజరు తీసేస్తున్నారు. అందులోని నమూనాలు కొత్త నిల్వ కేంద్రానికి వెళ్లాలి. అక్కడివాళ్లు రకం తేలిన వాటినే తీసుకుంటారు, తేలనివి కాల్చెయ్యమన్నారు. ఏ రకమో తేలనివి ముప్పై ఒక్క ట్యూబులు. అన్నీ ముప్పై మూడేళ్ల కిందటి ఒకే ఎండాకాలంలో కామెర్లు వచ్చినవాళ్లవి.

ఒక్కో ట్యూబు మీద లేబులు మీద లేబులు. మొట్టమొదట రాసింది ‘ఏ కాదు, బి కాదు’ అని. అప్పటికి తెలిసిన రెండు రకాల కామెర్లూ కావని దానర్థం. తర్వాత ‘హెపటైటిస్ ఈ’ అన్నారు. వైరస్ ఒంటి మీద గిన్నెల్లాంటి గుంటలు కనిపిస్తున్నాయని కాలిసి అనే వైరస్ కుటుంబంలో చేర్చారు. కొన్నేళ్లకు లోపలి ఆర్‌ఎన్‌ఏ అమరిక చదివి, ఆ ఇంటిది కాదని బయటికి పంపారు. కొంతకాలం దిక్కులేనిదై ఉండి, చివరికి హెపె అని సొంత కుటుంబం ఏర్పడింది. మనుషుల్లో ఉండేవి, పందుల్లో, కోళ్లలో, ఎలుకల్లో, ఆఖరికి చేపల్లో ఉండేవి కూడా అందులోకే చేరాయి. పేరు మారిన ప్రతిసారీ కొత్త లేబులు అతికించింది ఆమే.

“రెండు పెళ్లిళ్లు చేసుకున్నదానికి కూడా ఇన్ని ఇంటిపేర్లు మారవు” అనేది జిగురు పట్టీ చింపుతూ.

ఆ ముప్పై ఒకటిలో పదిహేడో నంబరు ఆమె చెల్లెలిది.

చెల్లెలి భర్తకు ఊరి చివర పందుల దొడ్డి ఉండేది. చెల్లెలికి కడుపుతో ఆరో నెల నిండగానే, “ఆ పందుల మధ్య ఎందుకే, నా దగ్గరుందువు గాని రా” అని అక్కే వెళ్లి తీసుకొచ్చింది. రెండు నెలలు తిరగకముందే చెల్లెలి కళ్లు పచ్చబడ్డాయి. వారానికి మాట తడబడింది. ఎనిమిదో నెల కడుపుతోనే పోయింది, బిడ్డా దక్కలేదు. ఆసుపత్రిలో తీసిన రక్తాన్ని ప్రయోగశాలకు తెచ్చింది అక్కే. నంబరు వేసిందీ అక్కే.

ఆరేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకోవడం ఆమె చెవిన పడింది. ఈ కుటుంబానిదే వైరస్ పందుల్లో దొరికిందట. ఆమె ఆ గ్లాసులు కడగలేదు. నేరుగా మరిది దొడ్డి దగ్గరికి వెళ్లి, గేటు పట్టుకుని, వీధి వీధంతా వినేలా అరిచింది: “నీ పందులే దాన్ని మింగాయిరా! రోగం ఇక్కడే అంటించుకుని నా ఇంటికొచ్చి పోయింది!”

మర్నాటి నుంచి అతని దగ్గర ఎవరూ మాంసం కొనలేదు. చుట్టుపక్కలవాళ్లు అర్జీ పెట్టారు. పందొమ్మిది పందుల్ని చంపి ఒకే గుంటలో పూడ్చారు. మరిది వడ్రంగంలోకి దిగాడు. ఇద్దరికీ మాటల్లేవు.

కుటుంబం ఒకటే అయినంత మాత్రాన రోగం ఒకటే కాదని ఆమెకు తర్వాత తెలిసింది. గోడ మీద ఈ వైరస్ రకాల కొత్త పటం తగిలించినప్పుడు చదివింది. ఒకటో రకం, రెండో రకం మనుషుల్లోనే బతుకుతాయి, మురుగు కలిసిన నీళ్లతో వస్తాయి. మూడు, నాలుగు రకాలు పందుల నుంచి కూడా వస్తాయి. ఆ పటం కిందే పదిహేనేళ్లుగా అన్నం తింటోంది. పదిహేడో ట్యూబు ఏ రకమో చూడమని ఎవరినీ అడగలేదు. మూడని తేలితే తన మాట నిలుస్తుంది. ఒకటని తేలితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు.

ఇప్పుడు అడగాల్సిన పని లేకుండానే ఆ రోజు వచ్చింది. వైరస్ ఏ రకమో తేల్చే శాస్త్రవేత్త అమ్మాయి జాబితా చేతిలో పట్టుకుని వచ్చింది.

“అత్తా, నాలుగు రోజులే గడువిచ్చారు. ముప్పై ఒకటీ చేసేద్దాం. ఆర్‌ఎన్‌ఏ తీసే పని మీరు చూస్తారా? నా చెయ్యి కంటే మీ చెయ్యి నయం.”

“నయమో కాదో గానీ, మధ్యలో ఫోను చూడదు.”

పదిహేడులో ఉన్నది నాలుగైదు చుక్కలు. ఒక్కసారికే సరిపోతాయి. ఆమె వరస మార్చలేదు. పదహారు తర్వాత పదిహేడును మంచు మీద కరగనిచ్చింది, ద్రావణం కలిపింది, సన్నటి వడపోత గొట్టంలో పోసి తిప్పింది, కడిగింది, మళ్లీ తిప్పింది. ప్రతి ట్యూబుకూ గ్లౌజులు మార్చినట్టే దానికీ మార్చింది. ఆఖరి చుక్క దిగాక మూత బిగించి పద్దెనిమిది తీసింది. మిగతా పని యంత్రాలది, ఆ అమ్మాయిది.

నాలుగో రోజు ఉదయం ఆ అమ్మాయి తెర ముందుకు పిలిచింది. కొమ్మలు కొమ్మలుగా చెట్టులాంటి బొమ్మ. ఒక్కో కొమ్మ చివర ఒక్కో నంబరు.

“మూడు ఫెయిలయ్యాయి అత్తా, పాడైపోయినట్టున్నాయి. ఇరవై ఎనిమిది వచ్చాయి. అన్నీ ఒకటో రకమే.”

“పదిహేడు?”

“ఇదిగో. పదహారు, పదిహేడు, పద్దెనిమిది ఒకే గుత్తి. ఆర్‌ఎన్‌ఏలో తేడా రెండక్షరాలు కూడా లేదు. ముగ్గురూ ఒకేచోట నీళ్లు తాగి ఉంటారు.”

పదహారు ఆమె వీధి చివర ఉండిన బడిపంతులు. పద్దెనిమిది ఎదురింటి దర్జీ భార్య. ముగ్గురిదీ ఒకటే కుళాయి. దాని గొట్టం మురుగు కాలువలోంచి వచ్చేది. ఆమె తెల్లవారకముందే రెండు బిందెలు పట్టేది, నాలుగు మడతల గుడ్డలో వడకట్టేది, మొదటి గ్లాసు చెల్లెలికి ఇచ్చేది. కాచేది కాదు. వడకట్టాను కదా అనుకునేది.

“పంది రకం అయ్యే వీలే లేదా?”

“లేదత్తా. ఇది పందుల్లో బతకదు. ఎందుకు, ఎవరిది అది?”

“మా చెల్లెలిది.”

ఆ అమ్మాయి కుర్చీలోంచి లేచింది. “ముందే చెప్పొచ్చు కదా!”

“చెబితే దాన్ని రెండుసార్లు చూసేదానివి. మిగతా ముప్పై మందికీ ఒక్కసారే కదా.”

ఆ బొమ్మ అచ్చు తీయించుకుని, సాయంత్రం ఐదింటికి, పాత పందుల దొడ్డి ఉన్నచోటే పెట్టిన మరిది కొట్టు దగ్గరికి వెళ్లింది. అతను గుమ్మం చట్రానికి చిత్రిక పడుతున్నాడు. తలంతా నెరిసింది, దాని మీద రంపపు పొట్టు. ఆమెను చూసి చిత్రిక ఆపాడు.

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు.”

“మరి నువ్వొచ్చావేం వదినా?”

ఆమె దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పింది. పందులది కాదని, నీళ్లదని, తన ఇంటి నీళ్లదేనని. అతను మొత్తం విన్నాడు. తర్వాత చేతుల వంక చూసుకున్నాడు.

“నేనూ నమ్మాను నీ మాట. పెద్ద ఆఫీసులో పనిచేసేదానివి, తెలిసే చెప్పావనుకున్నా. పందుల్ని కడిగిన చేతులతో దానికి అన్నం పెట్టాను కదా అని ఇన్నేళ్లూ ఏడ్చాను. కంచం ముందు కూర్చుంటే ఈ చేతులే కనిపించేవి.”

“తప్పు నాదే మరిదీ.”

“ఆ రోజు గేటు దగ్గర నిలబడి అరిచావు. మలుపు దాకా వినపడింది. ఇవాళ చెవిలో చెబుతున్నావా?”

ఆమె వీధిలోకి వెళ్లి నిలబడింది. ఆ రోజు విన్నవాళ్లలో సగం మంది చచ్చిపోయారు, సగం మంది వలసపోయారు. మూసేసిన దుకాణం మెట్ల మీద ఇద్దరు ముసలివాళ్లు, స్కూటరు తుడుచుకుంటూ ఒకాయన ఉన్నారు. ఆమె గొంతెత్తింది.

“మా చెల్లెలు ఇతని పందుల వల్ల పోలేదు! నేను తాగించిన నీళ్ల వల్ల పోయింది! నేను చెప్పింది అబద్ధం!”

స్కూటరాయన గుడ్డ పట్టుకుని చూశాడు. “ఏ పందులండీ? ఇక్కడ పందులెక్కడున్నాయి?”

“నీక్కాదులే, నీ పని చూసుకో” అన్నాడు మరిది. లుంగీకి చేతులు తుడుచుకుని కాగితం అడిగి తీసుకున్నాడు. “చదువు రాదు నాకు. ఇందులో దాని పేరెక్కడ?”

“పేరుండదు. ఒకటీ, ఏడూ పక్కపక్కన ఉంటాయి చూడు.”

వెతికి వేలు పెట్టాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత కాగితం మడిచి పనిముట్ల పెట్టె అడుగున పెట్టి, చిత్రిక అందుకున్నాడు. కూర్చోమనలేదు. ఆమె కూడా కూర్చోవాలనుకోలేదు.

మర్నాడు నిల్వ కేంద్రం నుంచి మనిషి వచ్చాడు. ఫెయిలైన మూడింటినీ ఆమె తనే కాల్చే యంత్రం దాకా తీసుకెళ్లి, నంబర్లు కొట్టేసి వచ్చింది. మిగిలినవాటి ఆర్‌ఎన్‌ఏ ట్యూబులకు కొత్త లేబుళ్లు రాత్రి గడ్డకట్టించే ముందే అతికించి ఉన్నాయి: హెపె, ఒకటో రకం. అతను అప్పగింత పత్రం తిరగేసి ఒక గడి మీద పెన్ను ఆనించాడు.

“సోకిన మార్గం అని ఉందండీ. ఇది ఖాళీగా వదిలేసినా తీసుకుంటాం. పాత కేసులు కదా.”

“వదలొద్దు, ఇటివ్వు.”

ఆమె నిలబడే రాసింది. ఇరవై ఎనిమిది గళ్లలోనూ ‘మురుగు కలిసిన నీరు’ అని, ఒక్కోదానికీ విడిగా, ‘పైదే’ అని గుర్తు పెట్టి కిందికి గీత లాగకుండా రాసింది. అతను ట్యూబులు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై ఎనిమిది సరిపోయాయి. పొడి మంచు పైదాకా నింపి, మూత బిగించి, అతని చేత సంతకం పెట్టించుకుని పెట్టె అందించింది.